ఆమె గొంతు తగ్గుతోందనుకున్నాను

మహారాష్ట్ర సోలాపూర్‌లోని మా నీలం నగర్‌లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. గోడ అవతల సాంచాలు, అదే మరమగ్గాలు, మోగుతుంటే మెల్లగా మాట్లాడి ఏం లాభం? కార్ఖానాలోనైతే అరిచినా వినపడదు కాబట్టి పెదాలు చూసి మాట అందుకుంటాం. చెప్పేవాడు నోరు కాస్త పెద్దగా తెరవాలి, వినేవాడు చూపు తిప్పకూడదు. ఎవరైనా మొహం పక్కకు తిప్పుకుని మాట్లాడారంటే ఆ మాట మనకు కాదని అర్థం. టవళ్లు నేసే పనిలో చిన్నప్పుడే చేరినవాణ్ణి, నాకు ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

అలాంటివాడికి బ్రెజిల్ దేశపు గాయని ఎక్కడ దొరికిందిరా అని మా వాళ్లు నవ్వుతారు. నేను వెతకలేదు. ఫోన్‌లో భజన అయిపోయాక దానంతట అదే ఆమె పాట మొదలైంది. ఒక గిటారు, ఒక ఆడగొంతు. ఆ భాష పోర్చుగీసట, నాకు ఒక్క ముక్క తెలియదు. కానీ ఆమె అరవలేదు. పక్కన కూర్చుని ఇంటి సంగతులు చెప్తున్నట్టు పాడింది. పొద్దంతా ఆ మోతలో నానివచ్చిన మనిషికి అదెంత హాయో మాటల్లో పెట్టలేను. ఆ పాటల తీరుకు జాజ్ అనీ, బోసా నోవా అనీ పేర్లున్నాయని తర్వాత తెలిసింది.

ఆమె కథంతా ఫోన్‌లోనే చదివాను. ఫోనే దాన్ని మరాఠీలోకి మార్చి పెట్టేది. చిన్నప్పుడు చర్చిలో పిల్లల గుంపుతో పాడింది. వయసొచ్చాక సముద్రం ఒడ్డు హోటళ్లలో, తింటూ కబుర్లాడుకునేవాళ్ల ముందు పాడింది. గొంతు పెంచమని హోటలువాళ్లు పోరినా పెంచలేదట. మొదటి రికార్డును ఎవరూ పట్టించుకోలేదు. పరాయి దేశాల్లో జాజ్ వాళ్లు మెచ్చుకున్నాకే సొంత ఊరు పిలిచి పీట వేసింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత అక్కడా ఉన్నట్టుంది. ఆమె కొత్త పాట వచ్చినప్పుడల్లా మా ఇంటి మనిషికి మేలు జరిగినట్టు సంబరపడేవాణ్ణి.

మా ఆవిడ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఆమెను గొణుగుడక్క అనేది. గొణుగుడక్క ఇవాళ ఏం గొణిగింది అని అడిగేది.

రానురాను గొణుగుడక్క గొంతు తగ్గుతూ వచ్చింది. ఒక్కో కొత్త రికార్డు అంతకుముందుదానికన్నా మెత్తగా వినిపించేది. వయసు మీద పడే కొద్దీ ఇంకా తగ్గించి పాడుతోంది, గొప్పవాళ్ల పద్ధతే అది అనుకున్నాను. కార్ఖానాలో దోస్తులకు కూడా గర్వంగా చెప్పాను. ఒకరోజు అదే మాట మా ఆవిడతో అంటే, చేతిలో ఆకు ఆపి నన్ను వింతగా చూసింది.

"ఏం తగ్గిందయ్యా? నాకు ఈడికే మంచిగ ఇనవడ్తుంది."

మా ఆవిడ అవతల గడప దగ్గర కూర్చుని ఉంది. ఫోన్ నా చెవికి ఆనించి ఉంది.

గొణుగుడక్క మొదట్లో పాడిన పాట పెట్టి చూశాను. అదీ తగ్గిపోయింది. ఇంకో ఊళ్లోనైతే ఎప్పుడో తెలిసిపోయేదేమో. మా పేటలో అందరూ అరుస్తారు, అందరి పెదాలూ చూస్తాం, చెవులు పోతున్న సంగతి తెలిసేదెట్లా? పోయిన వినికిడి మళ్లీ రాదని డాక్టరు చెప్పాడు. చెవికి మిషన్ పెట్టుకున్నాను. పెదాలు చూస్తే అందులో మాటలు అందుతాయి, కుక్కర్ విజిల్ వస్తుంది. ఆమె గొంతు మాత్రం రేకు మీద ఇసుక పోసినట్టు వస్తుంది. చాలా కోపం వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలి? అన్నం పెట్టింది ఆ సాంచాలే.

ఈమధ్యే ఆమె ఒంట్లో బాగాలేక పాట మానేస్తోందనీ, చివరి కచేరీ ఫోన్‌లో నేరుగా చూపిస్తారనీ చదివాను. అక్కడ రాత్రి, మనకు తెల్లవారే వేళ. నా ఖర్మకు అది నల్లా నీళ్లు వచ్చే రోజు. మా సోలాపూర్‌లో నల్లా రోజూ రాదు, వచ్చిననాడు ఇంట్లో ఎవరూ ఇంకో పని ముట్టరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే గదా, నాకెందుకు ఈ కచేరీ అని ఫోన్ పక్కన పెట్టబోయాను. మా ఆవిడ బిందెలు వాకిట్లో వదిలేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఫోన్ మా ఇద్దరి మధ్యా పెట్టింది.

కార్ఖానాలో చెప్పుకున్నట్టు నోరు పెద్దగా తెరిచి ఒక్కొక్కటే చెప్పింది. ఇప్పుడు గిటారు ఒక్కటే. ఇప్పుడు చప్పట్లు. ఇప్పుడు ఆమె మొదలుపెట్టింది. నేను ఫోన్ చూస్తూ, మా ఆవిడ పెదాలు చూస్తూ కూర్చున్నాను. గొణుగుడక్క తెల్లజుట్టుతో కుర్చీలో కూర్చుని ఉంది. పెదాలు కదులుతున్నాయి. నాకు తెలుగు పెదాలు వచ్చు, మరాఠీ పెదాలు వచ్చు. అవి మాత్రం రాలేదు.

"గొంతు ఎట్లున్నది?" అని అడిగాను.

మా ఆవిడ ఫోన్ మీదికి వంగి కాసేపు విన్నది.

"ఆమెది నాకూ ఇనవడ్తలేదయ్యా. జనమే పాడుతున్నరు. నీ చెవులది తప్పు లేదు."

ఎంత పాపమో గానీ, ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. వెంటనే ఏడుపొచ్చింది. కచేరీ అయిపోయేసరికి నల్లా ఆగిపోయింది. బిందెలు ఖాళీగానే ఉన్నాయి. మా ఆవిడ దాని గురించి ఒక్క మాటా అనలేదు, ఊరికే ఉండే మనిషి కాదు ఆమె. నాకు అనుమానం పట్టుకుంది.

మర్నాడు ఆమె ఆకు కత్తిరిస్తుంటే ఎదురుగా వెళ్లి కూర్చున్నాను. నిజంగానే గొణుగుడక్క గొంతు పోయిందా, లేక నా మనసు కష్టపడకూడదని అన్నావా అని అడిగాను.

మా ఆవిడ గోడ వైపు తిరిగి ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది.