అత్త ముక్కు, అందరి వైద్యం

అత్త పోయిందని తమ్ముడు ఉస్లాపూర్‌లో మా ఇంటికి వచ్చి చెప్పగానే నా నోట వచ్చిన మొదటి మాట, "జలుబేనా?" వాడు నాకేసి వింతగా చూశాడు. "జలుబేటక్కా! అది ఎప్పుడో తగ్గిపోనాది కదా. గుండె." నాకు తెలియని సంగతి కాదు. అయినా మా మేనత్త అనగానే నాకు ముందు ఆమె ముక్కే గుర్తొస్తుంది, ఏం చేయను.

మీలో బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్ళు ఆమెను చూసే ఉంటారు. నడి వేసవిలో కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగే మనిషి. వంగి ముగ్గు వేస్తే ముగ్గు మీద చుక్క పడేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఏడుస్తోందనుకుని మావయ్యను అనుమానంగా చూసేవారు. పాపం, షెడ్డులో ఇంజన్లతో తప్ప ఎవరితోనూ పోట్లాట పెట్టుకోని మనిషి ఆయన.

ఆ జలుబుకి కారణం చెప్పనివాళ్ళు మా లైనులో లేరు. బొగ్గు పొడి అని మావయ్య. పెరుగు అని మా అమ్మ. కూలర్ గాలి అని ఎదురింటి హిందీ ఆవిడ. డాక్టరు ఎలర్జీ అని మాత్రలు ఇచ్చాడు. అవి వేసుకుని అత్త బియ్యం ఏరుతూ ఏరుతూ నిద్రపోయేది, ముక్కు మాత్రం మేలుకునే ఉండేది. పెరుగు మాన్పించాం, మిరియాల కషాయం తాగించాం, పసుపు కొమ్ము పొగ పట్టించాం. ఏది పనిచేయడం లేదో కూడా తెలిసేది కాదు, అన్నీ ఒకేసారి చేసేవాళ్ళం.

అత్త మాత్రం ఒకటే మాట చెప్పేది. "ఒక పక్కే కారతాదే. గొంతులోకి దిగితే సముద్రం నీళ్ళలాగ ఉప్పగా ఉంటాది." జలుబుకి రుచేమిటని నవ్వేవాళ్ళం.

ఆమెకు జలుబు బాధ కాదు, పొయ్యి బాధ. ఏటా అమ్మవారి పండగకి క్వార్టర్ల మధ్య ఖాళీలో ఇటుకల పొయ్యి పెట్టి ఆడవాళ్ళంతా పులిహోర చేస్తారు. కలిపే చెయ్యి అత్తది. ముక్కు కారడం మొదలయ్యాక ప్రసాదం దగ్గరికి రావద్దన్నారు. ఆ మాట చెప్పవలసి వచ్చింది మా అమ్మకే. "వదినా, ఈ ఏడు నువ్వు కూకో, మేం చూసుకుంటాం" అంది. ఆ ఒక్క ఏడు చాలా ఏళ్ళయింది. అత్త దూరంగా పంపు గట్టు మీద కూర్చుని కేకేసేది: "ఆవాలు మాడతన్నాయి, దింపండే!" నిజంగానే మాడేవి. జలుబు పట్టిన ముక్కుకి అంత దూరం వాసన ఎలా తెలిసిందో మాకెవరికీ తట్టలేదు. మేం తెలివితక్కువవాళ్ళమా, లేక ప్రేమ ఎక్కువై వినడం మానేశామా, ఇప్పటికీ నాకు అర్థం కాదు.

చివరికి బదిలీ మీద వచ్చిన ఒక కొత్త డాక్టరు మందు రాయకుండా ఆమెను ముందుకు వంగమన్నాడు. "ఆగే ఝుకియే, అమ్మా." ఒక పక్క నుంచే చుక్కలు రాలాయి. తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. ఊరు వెళ్తుంటే పార్వతీపురం దాటాక పై బెర్తు మీంచి ట్రంకు పెట్టె తన నుదుటి మీద పడిన సంగతి అత్త ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పింది. మేమూ నవ్వాం గానీ, దానికీ ముక్కుకీ ముడిపెట్టలేదు. పరీక్షలయ్యాక డాక్టరు చెప్పాడు. అది జలుబు కాదు, మెదడు చుట్టూ ఉండే నీరు. పుర్రె ఎముకలో చిన్న చిల్లు పడింది. మూయకపోతే మెదడుకు జ్వరం పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

మావయ్య బిత్తరపోయాడు. "అచ్ఛా, అయితే ఇన్నాళ్ళూ కారిపోనాది దీని బుర్రేనా?"

"మీతో కాపురం చేసినాక ఇంకేటి మిగిలుంటాదిలెండి" అంది అత్త.

ఆ సాయంత్రం మాత్రం మా అమ్మను మెల్లిగా అడిగింది. "చిల్లు మూసీసినాక పొయ్యి కాడికి రావచ్చేటి?" అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

నాగ్‌పూర్‌లో ఆపరేషన్ అయింది. కారడం ఆగింది. ఆ పండగకి పులిహోర అత్తే కలిపింది. కూలర్ మార్చడం వల్లే తగ్గిందని ఎదురింటావిడ ఈనాటికీ నమ్ముతుంది. కొంగు మాత్రం అత్త ముక్కు దగ్గరే ఉండిపోయింది. "మళ్ళీ కారతన్నాదేటి?" అని కంగారుపడితే, "లేదే. చేతికి ఇంకా తెలవలేదు" అనేది.

తమ్ముడితో నేను వెళ్ళేసరికి ఆమెను వసారాలో పడుకోబెట్టారు. ఎవరో ముక్కులో దూది పెడుతున్నారు. మావయ్య అయోమయంగా చూశాడు. "అదెందుకురా? ఆగిపోనాది కదా."

మా అమ్మ వంగి, అత్త కొంగు చివర తీసి ఆమె గుప్పిట్లో పెట్టింది.