వంతు రాని ప్రాసెసర్

కొత్తగా చదువుకొచ్చినవాడికి చెవులు సరిగా వినిపించని కాలం ఒకటుంటుంది. నాకది ఎనభైల చివర్లో, జహీరాబాద్ శివారులో నాగళ్ల భాగాలు చేసే చిన్న కార్ఖానాలో వచ్చింది. అక్కడ రంగు వేసిన ఇనుమును ఆరబెట్టే భట్టీని ముప్ఫై ఏళ్లుగా చూసుకుంటున్న పెద్దాయనను అందరూ భట్టీ తాత అనేవాళ్లు. ఆయన పని తేలిక చేద్దామని (ఆయనేమీ అడగలేదు) రెండు ప్రాసెసర్లతో ఒక బోర్డు తయారుచేశాను. ఒకటి వేడి చూసి హీటర్లు ఆపాలి, రెండోది ఆ వేడిని అంకెల్లో చూపించాలి. రెండిటికీ మెమరీ ఒక్కటే, అక్కడికి పోయే తీగల దారీ ఒక్కటే. ఆ దారినే బస్సు అంటారని చెబితే, "పక్కూరు కోహీర్‌ల ఆగుతదా సార్?" అని తాత నెమ్మదిగా అడిగాడు. నేను నవ్వలేదు. అప్పట్లో నేను ఎవరి మాటకూ నవ్వేవాణ్ణి కాదు.

ప్రారంభానికి ముందురోజు అంకెలు మిణుకుమిణుకుమంటున్నాయి. యజమాని ముందు పరువు పోతుందని, దారి ఎప్పుడూ ముందు అంకెల ప్రాసెసర్‌కే దొరికేలా మార్చేశాను. మర్నాడు కొబ్బరికాయ కొట్టి భట్టీ వెలిగించారు. అంకె కావలసిన నూటయాభై డిగ్రీలకు చేరి అక్కడే నిలిచిపోయింది. నా ఛాతీ పొంగింది.

"సార్, జర తలుపు తీస్త. వాసన మారింది," అన్నాడు తాత.

"నంబర్ జూడు తాతా, కదుల్తలేదు."

"గదే ఫికరైతున్నది. భట్టీ అన్నంక జరంత కదలాలె."

వద్దన్నాను. అంకెల ప్రాసెసర్ క్షణం ఊపిరాడనివ్వకుండా దారి అడుగుతూనే ఉంది. వేడి చూసేదానికి వంతే రాలేదు, కొత్త అంకె మెమరీకి చేరలేదు, హీటర్లు ఆగలేదు. సందుల్లోంచి పొగ వచ్చేసరికి నేను బోర్డు దగ్గరికి పరుగెత్తాను, తాత భట్టీకి ఆనుకుని ఉన్న మెయిన్ స్విచ్ దగ్గరికి పరుగెత్తాడు. భట్టీ ఆగింది. ఆయన కుడిచెయ్యి కాలింది. రెండు వేళ్లు మళ్లీ వంగలేదు.

దవాఖానలో తప్పు నాదేనని ఒప్పుకుని, జరిగిందంతా వివరించాను. ఆయన కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ విన్నాడు.

"అంటే ఒకడు ఊకె మాట్లాడుతుండు, ఇంకోణ్ణి నోరు తెరువనిస్తలేడు. గంతేనా సార్?"

"గంతే తాతా."

రెండిటికీ వంతులు పెట్టి బోర్డు సరిచెయ్యడానికి నాకు ఒక్క పూట పట్టింది.

ప్రారంభం రోజు ఫోటో ఒకటి నా దగ్గరుంది. మండే ఎండలో టై కట్టుకుని కెమెరా వైపు నవ్వుతున్నాను. పక్కన తాత నోరు సగం తెరిచి ఏదో చెప్పబోతున్నాడు. ఆ టై కుర్రాడి మీద ఇప్పుడు కోపం రాదు. కాస్త నవ్వొస్తుంది, ఒక్కసారి అటు తిరగరా అనాలనిపిస్తుంది.