పరదా మీది జలపాతం

దయ్యాలను నమ్మే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. ఫోటో స్టూడియోలో పనిచేసేవాడికి దయ్యమంటే ఒకే ఫిల్ము మీద పొరపాటున రెండుసార్లు తీసిన బొమ్మ. అలాంటి దయ్యాలను నేనే బోలెడు తయారుచేశాను. అందుకని ఈ సంగతి చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు.

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో తెనాలి నుంచి వచ్చి నాంపల్లిలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. అబిడ్స్‌లో ఒక స్టూడియోలో నాకు పని. ఆ రోజుల్లో ఫోటో దిగేవాళ్ళ వెనక వేలాడదీయడానికి ప్రతి స్టూడియోలోనూ రంగులు వేసిన పెద్ద గుడ్డ పరదా ఉండేది. మా పరదా మీద నల్లటి కొండ, ఎడమకు వంగిన ఒక చెట్టు, కొండ మీంచి జలపాతం. నీళ్ళు కిందపడతాయి గాని కింద వాగు లేదు, మడుగు లేదు. "ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయండీ?" అని ఫోటోకొచ్చిన ప్రతి పార్టీ అడిగేది. పెయింటరుకు రంగు అయిపోయిందని చెప్పి నవ్వించేవాణ్ణి. ఆ పెయింటరు అఫ్జల్‌గంజ్ ముసలాయన. నేను పనిలో చేరేనాటికే పోయాడు.

ఒకసారి ఎలుకలు పరదా కుడివైపు పైమూల కొరికేశాయి. తెల్లగుడ్డ మాసిక వేసి పైన రంగు పూశాను. రంగు కలవక, ఆ మాసిక పాలిపోయి కనిపిస్తూనే ఉండేది.

మా స్టూడియోలో ప్రింట్లు వేసే నర్సింగ్‌ది పాలమూరు వైపు. వాళ్ళ మేనమామ ఊరు అమ్రాబాద్ అడవి అంచున ఉంది. అడవి లోపల ఒక జలపాతం ఉందని, పడిన నీళ్ళు ఎటు పోతాయో ఎవరికీ తెలియదని చెప్పేవాడు. షాపు అద్దంలో పెట్టడానికి మంచి ప్రకృతి దృశ్యం కావాలని మా యజమాని సతాయిస్తుంటే, ఇద్దరం కెమెరా పట్టుకుని బయల్దేరాం.

బస్సు దిగాక అంతా నడకే. మేనమామ ముందు, మేం వెనక. వెదురు పొదలు, ముళ్ళు, ఎక్కడం, దిగడం. దారిలో గొర్రెల మంద దగ్గర పడుకుని, తెల్లారి మళ్ళీ నడక. మొజంజాహీ మార్కెట్ దాకా పోవడానికే రిక్షా వెతుక్కునే నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

లోయ మలుపు తిరగగానే ఆగిపోయాను. ఎదురుగా మా పరదా. అదే నల్లటి కొండ, ఎడమకు వంగిన అదే చెట్టు, అదే నీటిధార. నీళ్ళు కిందపడి రాళ్ళ సందుల్లోకి ఇంకిపోతున్నాయి. చిత్రంగా ఉందే అని నవ్వబోయాను. అప్పుడు కుడివైపు పైన పాలిపోయిన మచ్చ కనిపించింది. నా మాసిక ఎంత వంకరగా ఉందో అదీ అంత వంకరగా ఉంది.

"గా మచ్చనా? పోయినేడు బండ పెచ్చు ఊడిపడ్డది బిడ్డా" అన్నాడు మేనమామ.

ఎలుకలు పరదా కొరికింది కూడా పోయినేడే. కెమెరాను రాయి మీదైనా ఆనించాలన్న ధ్యాస లేక, తీసిన ఫోటోలన్నీ కదిలిపోయాయి. తిరిగి వచ్చాక చాదర్‌ఘాట్‌కు మకాం మార్చిన పెయింటరు భార్యను వెతికి పట్టుకున్నాను. ఆయన జన్మలో అడవి ముఖం చూడలేదని, బొమ్మలన్నీ ఇంట్లో కూర్చుని ఊహించి వేసేవాడని ఆమె చెప్పింది.

నర్సింగ్ ఇదంతా కొట్టిపారేశాడు. "మంచి ఫోటో తీస్కొస్త. పరదా పక్కన వెట్టి చూద్దాం. ఉత్తగనే ఫికర్ వెట్టుకున్నవన్నా" అని మళ్ళీ బయల్దేరాడు. పెళ్ళి కుదిరినవాడివి, ఇప్పుడెందుకురా అంటే వినలేదు.

వాడు వెళ్ళిన వారంలోనే, శుక్రవారం మధ్యాహ్నం, ఒక కుటుంబం ఫోటోకి వచ్చింది. పరదా దించుతుంటే దీపం స్టాండు మేకుకు తగులుకుని, పై అంచు నుంచి నడుమ దాకా పర్రున చిరిగింది. కొండ రెండు ముక్కలైంది. ఆ కొండ కింద నర్సింగ్ కూర్చుని ఉన్నట్టు నా కళ్ళకు కట్టింది.

పక్క దర్జీ దగ్గరికి పరుగెత్తి దబ్బనం, చేతికందిన నల్లదారం తెచ్చి, పరదా నేల మీద పరిచి కింద నుంచి కుట్టడం మొదలుపెట్టాను. "ఏమయ్యా, పార్టీ వెళ్ళిపోతోంది. నీ కుట్టుపని తర్వాత చేసుకోవచ్చుగా" అని యజమాని కసిరాడు. నేను తల ఎత్తలేదు. మధ్యలో దబ్బనం వేలికి గుచ్చుకుని ఒక కుట్టు ఏటవాలుగా పోయింది. పైకి వచ్చేసరికి చెయ్యి లాగి కుట్లు ఎడంగా పడ్డాయి.

నాలుగో రోజున నర్సింగ్ బస్సు దిగి నేరుగా స్టూడియోకే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. వాణ్ణి చూడగానే నాకు ఏడుపొచ్చింది.

"గా పెద్దబండ పైనుంచి నడుమదాంక చీలిందన్నా" అన్నాడు. "నేను, మామ గా కిందనే కూసున్నం. ఉరికేటందుకు గూడ జాగ లేదు. మీదికి ఒరిగింది, ఒరిగింది, ఆగింది. ఎందుకాగిందో తెల్వది. దూరం పోయినంక ఫోటో తీసిన."

ఎప్పుడని అడిగాను.

"శుక్రారం. పొద్దు జర వాలినంక."

ఫిల్ము కడిగి, తడి ప్రింటు వెలుతురులోకి తెచ్చాను. కొండ మీద పగులు. ఆ పగులుకు అడ్డంగా, ఒక అంచు నుంచి రెండో అంచుకు నల్లటి గీతలు. కింద ఒత్తుగా, పైకి పోయేకొద్దీ ఎడంగా. మధ్యలో ఒకటి మాత్రం ఏటవాలుగా ఉంది.

"చెట్టు వేర్లు గావొచ్చు. గానీ ముందుగాల గాడ వేర్లు లేకుండె" అన్నాడు నర్సింగ్.

పరదా చిరిగిన సంగతి వాడికి ఇంకా చెప్పలేదు. పరదా దించాను. వాడు ప్రింటు చూశాడు, పరదా చూశాడు, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

వేర్లే కావచ్చు. ఇన్నేళ్ళుగా నాకు నేను అదే చెప్పుకుంటున్నాను.

తర్వాత యజమాని మహలు మెట్ల బొమ్మ ఉన్న కొత్త పరదా తెప్పించి, పాతదాన్ని తుడుపుగుడ్డలుగా చింపమన్నాడు. కాళ్ళావేళ్ళా పడి ఇంటికి తెచ్చుకున్నాను. ఉన్న రెండు గదుల్లో పరదా చుట్టిన అంత పొడుగు బొంగు ఎక్కడ పెట్టాలని మా ఆవిడ సణుగుతూనే ఉంది. నర్సింగ్ మేనమామ వాళ్ళు ఇప్పటికీ ఎండాకాలంలో పశువులను ఆ బండ కిందికే తోలుకెళతారట, నీడ బాగుంటుందని. అందుకే ఏటా ఎండలు ముదరకముందే పరదా విప్పి, దారం ఎక్కడైనా మెత్తబడిందేమో చూసి మళ్ళీ కుడతాను.

ఇది పిచ్చో, నిజమో నాకు ఈరోజుకీ తెలియదు. ఒక్క ఏడాది కుట్టకుండా ఊరుకుంటే తెలిసిపోతుంది. ఆ ధైర్యం మాత్రం నాకు లేదు.