సీలు వేసిన పెట్టెలో మూడో పిట్ట

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. మా నాయన ఒక ఆస్పత్రిలో శవాల గదికి కాపలా ఉండేవాడు. చిన్నప్పుడు మా ఊరు ఐరాల నుంచి బస్సెక్కి ఆయనకు క్యారియరు తీసుకెళ్లి, ఆ గది గుమ్మంలోనే కూర్చుని నేనూ నాలుగు ముద్దలు తినేదాన్ని. చచ్చినవాళ్లు ఎవరినీ ఏమీ చేయరని నాకు అప్పుడే తెలుసు. నన్ను పిరికిదనుకోకూడదనే ముందుగా ఈ మాట చెబుతున్నాను.

తిరుపతిలో ఒక కాలేజీ మ్యూజియంలో నేను గుమాస్తాను. విదేశాల నుంచి పరిశోధనకు వచ్చే పక్షుల నమూనాలకు అనుమతులు తెప్పించడం నా పని. నమూనా అంటే ప్రాణమున్న పక్షి కాదు. లోపలిదంతా తీసేసి, దూది కూరి, కాళ్లు దారంతో కట్టి ఆరబెట్టిన తోలు. కళ్ల చోట కూడా దూదే. అయినా రక్షిత జాతి అయితే ఒక్క ఈక కూడా పర్మిట్ లేకుండా దేశంలోకి రాకూడదు.

ఆ ఏడాది సుజన అనే అమ్మాయి మా దగ్గర, ఇప్పుడు ఎక్కడా కనిపించనంత అరుదైపోయిన బట్టమేక పిట్టల మీద పరిశోధన చేస్తోంది. ఎప్పుడో మన సీమ మెట్టల్లో వేటాడి తీసుకెళ్లిన మూడు పిట్టలు ఒక విదేశీ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని కొన్నాళ్లు అరువు తెప్పించడానికి ఏడాదికి పైగా ఉత్తరాలు రాశాను. షరతులు గట్టివి. కాగితంలో ఉన్నదానికీ పెట్టెలో ఉన్నదానికీ ఏ తేడా వచ్చినా అన్నీ వెనక్కి పోతాయి. ఆ అమ్మాయి చదువు అక్కడితో ఆగినట్టే.

పెట్టె వచ్చింది మిట్టమధ్యాహ్నం. తనిఖీ అధికారి ఎదుట మా అటెండరు మస్తాన్ భాయ్ ఒక్కో పిట్టనీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనది శ్రీకాళహస్తి. ముప్పై ఏళ్లుగా పక్షుల తోళ్లు సిద్ధం చేస్తున్న మనిషి. మూడోదాన్ని ఎత్తగానే ఆయన చేతులు ఆగిపోయాయి.

"అమ్మా, ఒకసారి పట్టుకోండి," అన్నాడు నెమ్మదిగా.

పట్టుకున్నాను. మిగతా రెండూ దూదిదిండ్లలా తేలిక. ఇది బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. రొమ్ము కింద నా అరచేతికి ఏదో కొట్టుకుంది. ఆగి, మళ్లీ కొట్టుకుంది. కంటి చోట దూది మాత్రం అలాగే ఉంది.

అధికారి చేతికిచ్చాను. వెచ్చగా ఉంది చూడండి అన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి లేబుల్ చూశారు.

"పెట్టె ఎండలో వచ్చినాది కదమ్మా, కాగుంటాది," అన్నారు.

మరి మిగతా రెండూ చల్లగా ఎందుకున్నాయని నేను అడగలేదు. అడిగితే ఏదో తేడా ఉందని రాస్తారేమోనని భయం.

బయటి నుంచి వచ్చిన తోళ్లలో పురుగు చావాలంటే వారం పాటు ఫ్రీజర్లో పెట్టాలి. ఒక్కోదాన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టాం. మూడోదాన్ని లోపల పెట్టడానికి మస్తాన్ భాయ్‌కి చేతులు రాలేదు. నేనే పెట్టి మూత వేశాను. అధికారి మూత మీద కాగితం సీలు అంటించి, తాను వచ్చేదాకా తెరవొద్దని చెప్పి వెళ్లారు.

అరగంట కూడా కాలేదు. ఫ్రీజర్లోంచి చప్పుడు మొదలైంది. గోటితో తలుపు తట్టినట్టు. రెండు దెబ్బలు, ఆగి, ఇంకో రెండు.

మోటారు అనుకున్నాను. మూడింటికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, మోటారు ఆగింది. చప్పుడు ఆగలేదు. ఇంకా తేటగా వినిపించింది. పక్కనే ఉన్న సుజన కూడా విన్నది. నా కొంగు పట్టుకుని నిలబడింది.

మస్తాన్ భాయ్ సీలు మీద చెయ్యి వేశాడు.

"పాణముండాదమ్మా దాంట్లో. నా చేతికి తెలీదా? తీసేస్తా."

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. "వద్దన్నా. సీలు చినిగితే ఈ బిడ్డ గతేం గావల్ల? అది ఎప్పుడో సచ్చింది. కాయితంలో రాసుండాది."

"కాయితం సంగతి సరే. మీరు పట్టుకుని సూసినారు గదా?"

అయినా నేను ఆయన చెయ్యి వదల్లేదు.

అయిదింటిదాకా ఆ చప్పుడు ఉంది. చివర్లో దెబ్బకీ దెబ్బకీ మధ్య చాలాసేపు పట్టేది. ఇక అయిపోయిందని ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ ఒకటి. నా జాకెట్టు చెమటకు తడిసి వీపుకి అంటుకుపోయింది. తర్వాత నిజంగానే ఆగిపోయింది.

వారం తర్వాత అధికారి వచ్చి, సీలు సరిగ్గా ఉందని చూసుకుని తెరిచారు. మూడూ పెట్టినచోటే ఉన్నాయి. కాళ్ల దారం ముడి కూడా కదల్లేదు. మూడోది మిగతావాటిలాగే తేలిగ్గా ఉంది. ఒక్కటే తేడా. రెండు సంచులు శుభ్రంగా ఉన్నాయి. మూడోదాని సంచి లోపల, సరిగ్గా ముక్కుకి ఎదురుగా, అరచేయంత మేర మంచు పేరుకుంది. అద్దం మీద ఊపిరి వదిలితే పట్టినట్టు. తేమ చేరిందని ఆయన రాసుకున్నారు.

సుజన కొలతలన్నీ తీసుకుంది. పరిశోధన పూర్తయింది. మస్తాన్ భాయ్ వేరే విభాగానికి అడిగి మరీ వెళ్లిపోయాడు. ఎదురైతే తల ఊపుతాడు, మాట్లాడడు.

పిట్టల్ని తిరిగి పంపే కాగితాలు నేనే నింపాను. ఒక్కోదానికీ చనిపోయిన తేదీ రాయాలి. మొదటి రెండింటికీ లేబుల్ చూసి రాసేశాను. మూడోదాని దగ్గర పెన్ను కదల్లేదు. చివరికి లేబుల్ మీదున్న పాత తేదీనే వేసి సంతకం పెట్టాను. నేను రాసింది నిజమో అబద్ధమో ఇవాళ్టికీ నాకు తెలియదు.