పసుపు కింద దొరికిన అక్షరాలు

మా అన్న దాన్ని పాత తువ్వాలలో చుట్టుకొని లక్సెట్టిపేట నుంచి మందమర్రికి బస్సులో వచ్చాడు. చాయ్ కూడా ముట్టకుండా నా ముందు పెట్టి, "తమ్మీ, వారం రోజుల్ల మంచిగ చెయ్యాలె. సెప్టెంబరు పదిహేడుకు ఊర్లె సభ ఉన్నది. బాపు ఫొటో పక్కకు పెట్టి అందరికి చూపిస్తమన్నరు" అన్నాడు. పేలనక్కరలేదట. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటే చాలట.

అది మా బాపు పిస్తోలు. ఆరు గుండ్ల చక్రం ఉన్న పాతకాలపు రివాల్వర్. నిజాం పాలన చివరి రోజుల్లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఒక రజాకారు చేతిలోంచి దాన్ని గుంజుకున్నానని, ఆ పెనుగులాటలోనే కాలికి గుండు తగిలిందని ఆయన చెప్పేవాడు. చచ్చేదాకా కుంటుతూనే నడిచాడు. ఆ నడక చూశాక సాక్ష్యం అడిగే మొనగాడెవడు?

నాకు మాత్రం ఆ పిస్తోలంటే మంట. పందొమ్మిదేళ్లకు బొగ్గుబాయిలో పని దొరికింది. మొదటి రోజు కిందికి దిగి ఆ చీకటి చూసి, ఇంటికొచ్చి ఇక దిగనని ఏడ్చాను. బాపు సందూక తెరిచి పిస్తోలు తీసి నా ఒళ్లో పడేశాడు. "నీ ఈడుల నేను రజాకారు మీదికి ఉరికిన. నాకు పుట్టి చీకటికి భయపడ్తవా? థూ" అన్నాడు. మర్నాడు దిగాను. రిటైరయ్యేదాకా దిగుతూనే ఉన్నాను. పంపులు, మోటార్లు బాగుచేసే ఫిట్టర్‌నని పేరు తెచ్చుకున్నాను. భయం మాత్రం ఒక్కరోజు కూడా వదల్లేదు, పైకి చెప్పుకోలేదంతే.

పిస్తోలు చక్రం బిగుసుకుపోయింది. వెనక సుత్తి లేవడం లేదు. కారణం నాకు చూడగానే తెలిసింది. ఏటా దసరాకు కొడవళ్లు, నాగలి కర్రు, నా పానాలు అన్నీ కడిగి వరసగా పెట్టి పూజ చేసేవాళ్లం. పిస్తోలు అన్నిటికంటే ముందు. పసుపు, కుంకుమ తడిపి దట్టంగా పూసి, పైన నీళ్లు చల్లేవాళ్లం. తుడిస్తే దోషమని మమ్మల్ని కన్న అవ్వ అలాగే సందూకలో పెట్టేది. ఇన్నేళ్ల పూజతో అది తుప్పుపట్టి కూర్చుంది. యంత్రం మీద చుక్క నీళ్లు పడితే తిట్టిపోసే నేను కూడా, ఇంట్లో అవ్వ చెంబు పట్టుకుంటే పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డవాణ్ణే.

రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాను. పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే పసుపు బురద ఊడివచ్చింది. లోపల స్ప్రింగు విరిగిపోయి ఉంటే, పాత గోడగడియారం స్ప్రింగు ముక్కను సానబట్టి అమర్చాను. అప్పుడే ఒక సంగతి గమనించాను. సుత్తి వచ్చి తగిలే చోట ఒక్క దెబ్బ గుర్తు లేదు. అది జన్మలో ఎన్నడూ పేలలేదు.

గొట్టం అడుగున తుపాకిమందు కూరే కడ్డీని కిందికి వంచితే, పసుపు పెళ్ల కింద ఇంగ్లీషు అక్షరాలు. సూదితో గీరి, సుద్దముక్క రుద్ది చదివాను. ఇటలీలో తయారైంది, నల్ల తుపాకిమందు మాత్రమే వాడాలి అని ఉంది. ఫోన్‌లో బొమ్మలు వెతికి పోల్చుకున్నాను. ఎప్పటిదో అమెరికా రివాల్వర్‌కు నకలు. అలాంటి నకళ్లు చెయ్యడం రజాకార్ల కాలం పోయిన చాలా ఏళ్లకు గానీ మొదలే కాలేదు.

ఒళ్లు మండిపోయింది. పనిముట్ల సంచిలో పిస్తోలు వేసుకొని లక్సెట్టిపేట పోయాను. అవ్వ అన్న దగ్గరే ఉంటుంది. ఎనభై దాటినా మనిషి గట్టిది. అన్న ముందే ఆ అక్షరాలు చదివి వినిపించి, అది ఏ కాలపుదో చెప్పాను.

అవ్వ పిస్తోలును అవతలికి నెట్టింది. "రజాకారు లేడు, గిజాకారు లేడు" అంది. "మీ అన్న కడుపుల ఉండంగ మనం ఉట్నూరు దిక్కు అడివిల ఉంటిమి. తెల్లదొరలు పులివేటకు వస్తుండిరి. మీ బాపు డప్పు కొట్టుకుంట జంతువులను తోలేటోళ్లతోని పోయిండు. పొదల మనిషి కదిలితే పులి అనుకొని దొర కాల్చిండు. దవాఖానల పడేసి, పోయేటప్పుడు కాలుకు బదులన్నట్టు గిది చేతుల పెట్టిండు."

"మరి రజాకారు ముచ్చటేంది?" అన్నాను.

"ఈడికొచ్చినంక కాలుకేమైందని ఎవలో అడిగిండ్రు. జంతువు లెక్క కాల్చిండ్రని చెప్పుకుంటడా? నోటికొచ్చింది చెప్పిండు. అందరు లేసి దండం పెట్టిండ్రు. ఇగ అదే ఖాయమైంది. ఉరిమితే చెవులు మూసుకునేటోడు, మీకు ఎర్కలే."

అన్న ముఖం నల్లబడింది. "ఆకురాయి తెచ్చినవా? గా రాత గీకెయ్. ఎవలికి ఎర్క?" అన్నాడు.

"గీకను. సభల నేనే చదివి చెప్త. నన్ను బాయిల దింపిన అబద్ధం గిది" అన్నాను.

అని అవ్వ వైపు తిరిగాను. "నేను దిగనని ఏడ్సిన నాడు నువ్వు గడప కాడనే ఉంటివి. నీకు ఎర్కనే గద. ఒక్కమాట ఎందుకు చెప్పలే?"

"చెప్తే దిగుదువా?"

"దిగకపోదును."

"నువ్వు దిగకుంటే మేం ఏం తిందుం?" అంది అవ్వ. "కుంటోడు నాగలి పడ్తడా? మీ అన్న కాలేజికి పోతుండె. ఇంట్ల పనికొచ్చేటోనివి నువ్వొక్కనివే. తెలిసే ఊకున్న కొడుకా."

ఏడుస్తుందనుకున్నాను. తప్పయిందంటుందనుకున్నాను. ఏమీ లేదు. బాపు మీద దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన పాపం నాలాగే భయస్తుడు. అవ్వకు మాత్రం నా భయమూ తెలుసు, ఆయన భయమూ తెలుసు, తెలిసి లెక్కచూసుకొని నన్ను పంపింది.

సభలో నోరు విప్పితే బాపు దగ్గర ఆగదు, ఈ మాట దాకా వస్తుంది. నా కన్నతల్లి గురించి అది నలుగురి ముందు చెప్పే ధైర్యం నాకు లేదు. సంచిలోంచి ఆకురాయి తీశాను. అక్షరాలు లోతుగా కొట్టినవి, పావుగంట పట్టింది. అన్న వేలితో తడిమి చూసి మంచిగైందన్నాడు.

సభకు నేను పోలేదు. ఇప్పటికీ నెలనెలా అవ్వకు మందులు తీసుకొని పోతూనే ఉన్నాను. పోయినప్పుడల్లా పళ్లెం నా ముందుకు జరిపి, "తిను కొడుకా" అంటుంది. తినే వచ్చానని చెప్పి లేస్తాను.