నా తోడికోడలు పెట్టని మందు

ఈ పూట ప్రభువు ఇంట చేరిన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. నా పేరు సుందరమ్మ, జగ్గయ్యపేటలో బడిపంతులుగారి భార్యను. మీ నందిగామ సంఘం ముందు నిలబడి నా పాపం నా నోటితో చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది, అయినా చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలమనిషి చెంబు వంచితే నీళ్ళు కలిపిందంటాను, చాకలి నవ్వితే చీర చింపి వచ్చాడంటాను. అలాంటి నా ఇంటికి, నైజాంలో గొడవలు ముదిరినప్పుడు, మా తోడికోడలు రాహేలు ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని సరిహద్దు దాటి వచ్చింది. మా మరిది గొడ్లను వదల్లేక అక్కడే ఉండిపోయాడు. ఊరికే కూర్చుని తినడం ఇష్టంలేక రాహేలు వచ్చిన మర్నాడే నా పొయ్యి దగ్గర చేరింది, అదిగో, అక్కడ మొదలైంది నా చీకటి!

అన్నంలో మందు పెడతారనీ, అది కడుపులో అంటుకుని మనిషిని పాడుచేస్తుందనీ మనవాళ్ళు చెప్పుకోవడం మీరెరగనిదా? ఆమె కూర మీద మూత పెడితే చాలు, ఆ మూత కింద ఏం కలిపిందోనని నా గుండె పీచుపీచుమనేది. ఉపవాస ప్రార్థనలో ఉన్నానని అబద్ధమాడి, దేవుడు నన్ను క్షమించుగాక, ఆమె వండిన అన్నం మానేసి, నా మంచం కింద ఒక డబ్బాలో నేను చేసుకున్న నువ్వుండలూ, బెల్లం అటుకులూ దాచుకుని, రాత్రంతా వంటింటి తలుపు వైపే చూస్తూ, కునుకు రాకుండా అవే నములుతూ కూర్చునేదాన్ని. తెల్లారాక కళ్ళు మంట, కాళ్ళు పీకుడు, నూతి దాకా నడవలేక కూలబడడం, ఓపిక రావాలని మళ్ళీ ఆ డబ్బా తియ్యడం! నాలుగు నెలలు ఇదే వరస, సహోదరులారా.

ఒళ్ళు ఊరి లావెక్కాను. రవికెలు చిట్లాయి, మెట్టెలు వేళ్ళలోకి దిగబడితే కంసాలి వచ్చి కత్తిరించాడు. మా ఆయన నన్ను బెజవాడ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే ఆవిడ, “రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోతున్నావా అమ్మా? నిద్రలేనివాళ్ళకి ఆకలి అదుపులో ఉండదు” అంది. నేను పొట్ట సంగతి చెబితే ఈవిడ పడక సంగతి అడుగుతుందేమిటి, రాహేలు ఈవిడకి కూడా ఏమైనా నూరిపోసిందా అనుకున్నాను. చూశారా నా బుద్ధి!

ఇక సాతాను నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాడు. స్త్రీల కూటానికని చెప్పి బండి కట్టించుకుని చందర్లపాడు అవతల మందు కక్కించేవాడి దగ్గరికి వెళ్ళాను. వాడు ఏదో పసరు తాగించి, నేను కక్కినదాంట్లో చెయ్యి పెట్టి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ఉండ తీసి, “ఇదిగో తల్లీ, నీ ఇంట్లో ఆడమనిషి చేసిన పని” అన్నాడు. వాడి గుప్పిట్లో అది ముందే ఉందేమోనన్న అనుమానం మాత్రం నాకు రాలేదు! ఎవరిని అనుమానించాలో వాణ్ణే నమ్మాను. ఇంటికొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా, పొద్దున్నే పిల్లల్ని తీసుకుని నీ ఊరు వెళ్ళిపొమ్మని రాహేలు మీద అరిచాను. సరిహద్దు అవతల ఊళ్ళు తగలబడుతున్నాయని నాకు తెలుసు. తెలిసే అన్నాను, సహోదరులారా.

మా ఆయన పాస్టరయ్యగారిని పిలుచుకొచ్చారు. ఆయన ముందు నేను కేకలేస్తుంటే, అంతవరకూ తల వంచుకున్న రాహేలు మెల్లగా అడిగింది. “అక్కా, నా చేతి బువ్వ నువ్వెన్నడు తిన్నవ్? నేనొచ్చిన కాడినుంచి ఒక్క ముద్దన్న ముట్టకపోతివి గద?”

నిజమే కదా! తినని అన్నంలో మందెక్కడిది? నన్ను ఊరబెట్టింది నా డబ్బా, నా జాగారం! సిగ్గుతో నేల మీద కూలబడితే రాహేలే నా తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థించింది: “ప్రభువా, తుఫానుల పడవ మునుగుతున్నా నువ్వు నిమ్మళంగ పండుకున్నవ్. మా అక్కకు గా నిద్ర ఇయ్యి తండ్రీ. ఆమె మనసుల భయం తియ్యి.” ఆ ఒళ్ళోనే నిద్రపోయాను, మర్నాడు ఎండ ముఖాన పడేదాకా లేవలేదు. దేవునికే మహిమ! లేచి ఆమె పెట్టిన అన్నం తిన్నాను.

సాక్ష్యం కదా అని పెంచి చెప్పను, ఒళ్ళు ఒక్కరోజులో తగ్గలేదు. వేళకు తిని వేళకు పడుకుంటే ఓపిక వచ్చింది, నూతి దాకా నేనే నడిచాను, ఆరు నెలలకు మనిషినయ్యాను. అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు, ఇప్పటికీ తొంగిచూస్తుంది, రోజూ మోకాళ్ళ మీద దానితో పోరాడుతున్నాను.

ఒకనాడు రాహేలుకు తల దువ్వుతూ, ఇంత చిక్కిపోయావేమే అని అడిగాను. “నేనూ నిద్ర పోలేదక్కా. కండ్లు మూస్తే పోరగాండ్లను బజార్ల పెడతవేమోనని” అంది. గోడకి ఇటు ఆమెకి కాపలాగా నేను, అటు నాకు భయపడుతూ ఆమె! ఒకే మెలకువ నన్ను ఊరబెట్టింది, ఆమెను ఎండబెట్టింది.

నేను వెళ్ళిపొమ్మని అరిచిన వారానికే మా మరిది కట్టుబట్టలతో వచ్చిపడ్డాడు. ఇల్లు తగలబెట్టారట, లోపల ఉన్నది గొడ్లు మాత్రమేనట. ఆ రోజు నా మాట చెల్లి ఉంటే అందులో ఎవరుండేవారో మీరే ఆలోచించండి. ఆ పిల్లలిద్దరినీ కాపాడిన దేవునికి ఎన్ని నోళ్ళతో వందనాలు చెప్పను!

సహోదరీలారా, మీ ఇంట్లో ఎవరి చేతి ముద్ద మింగడానికి మీకు భయమో, ఈ పూటే వెళ్ళి ఆమె పక్కన పీట వేసుకుని కూర్చోండి. మీ ఇంటి కాపలా ప్రభువుకి అప్పజెప్పి పడుకోండి. ఆయన మేలుకునే ఉంటాడు. ఆమెన్.