చెదల కుండ మోసిన మామ

పోయిన మంగళవారం పొద్దున్నే మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, నాయన పోయిండు. నిద్రలనే పోయిండు. ముందు నీకే చెప్తున్న" అంది. పొయ్యి ఆపి అక్కడే కూర్చుండిపోయాను. పోయినాయన నా మొదటి భర్త తండ్రి. నాకు మళ్ళీ పెళ్ళయి చాలా ఏళ్ళయింది. అయినా చివరిదాకా ఆయన్ని మామా అనే పిలిచాను. ఆయన నన్ను బిడ్డా అనే పిలిచాడు.

మామ బంగారు గనిలో పనిచేసి, రిటైరయ్యాక సొంతూరు మల్లట్ వచ్చి పెరడంతా కోళ్ళతో నింపేశాడు. నాటుకోళ్ళు, గిన్నీ కోళ్ళు, ఒక టర్కీ జంట. మా అత్తమ్మ నేను కాపురానికి రాకముందే పోయింది. గిన్నీ కోళ్ళ గోలకు వీధంతా తిట్టుకునేది. మామకు మాత్రం ఆ గోలే ఇష్టం. "కింద మిషన్ల చప్పుడు తప్ప ఇంకోటి వినలే బిడ్డా. ఇప్పుడన్న విననీ" అనేవాడు. సాయంత్రం గూటి దగ్గర గొంతుక్కూర్చుని, లోపలికి పోయే ప్రతి కోడినీ వీపు మీద వేలితో తాకి లెక్కపెట్టేవాడు. ఒక్కటి తగ్గినా కంపచెట్లన్నీ వెతికేదాకా అన్నం ముట్టేవాడు కాదు. "దిగినోళ్ళందరు పైకెక్కినంకనే గనిల మేం ఇంటికి పోయేది. గా అలవాటు పోతలేదు" అని నవ్వేవాడు.

నా పెళ్ళయిన రెండో ఏడు మా ఆయన రాయచూరు నుంచి బండి మీద వస్తూ లారీ గుద్ది చనిపోయాడు.

నేను గది వదిలి రావడం మానేశాను. మా అన్న వచ్చి తీసుకుపోతానన్నాడు. "పోతనంటె నేనే తోలిస్త. ఉంటనంటె ఇది ఆమె ఇల్లు" అన్నాడు మామ. నేను ఉండిపోయాను. కొడుకు కోసం ఆయన నా ముందు ఎప్పుడూ ఏడవలేదు. నీళ్ళ తొట్టి కడుగుతూ కడుగుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయేది. నేను కిటికీలోంచి చూసేదాన్ని.

ఒకరోజు ఒక గంప తెచ్చి నా గది గడప దగ్గర పెట్టాడు. అందులో గిన్నీ కోడి గుడ్ల మీద పొదిగే నాటుకోడి.

"దీన్ని నువ్వు చూడాలె బిడ్డా. పొదుగుల కూసున్నది దాని అంతట అది లేవది. ఆకలైనా లేవది. దినాం మనమే లేపాలె, గింజలెయ్యాలె, నాలుగడుగులు నడిపియ్యాలె. లేకుంటె ఎండిపోతది."

అది పొడిచేది. చేతులు గీసుకుపోయేవి. అయినా రోజూ లేపి పెరట్లోకి తీసుకుపోయేదాన్ని. దానితోపాటు నేనూ బయటికి వచ్చేదాన్ని.

గుడ్లు పగిలి పిల్లలొచ్చాక వాటికి మేతగా చెదలు కావాలన్నాడు. పాత కుండలో పేడ, తడి గోనెపట్టా కుక్కి పొలం గట్టు మీద బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పట్టి ఉంటాయి. ఆ కుండ కోసం నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. అన్ని నెలల తర్వాత నేను వీధిలోకి రావడం అదే. కుండ నెత్తిన పెట్టుకుని తను ముందు, వెనక నేను. తిరిగి వస్తుంటే మామ అక్క, మా పెద్దత్త, వాకిట్లో ఊడుస్తూ చీపురు ఆపింది.

"పొద్దుగాల పొద్దుగాల మొగుడు సచ్చిన పిల్లను ఊరి మీద తిప్పుతున్నవేందిరా? అందరు పనులకు పోయే యాళ్ళ!"

నా కాళ్ళు ఆగిపోయాయి. మామ కుండ దించలేదు, గొంతు పెంచలేదు.

"గా సంగతి చెదలకు తెల్వదక్కా. కోడిపిల్లలకు తెల్వది. నాకు గూడ తెల్వది" అని, నా వైపు తిరిగి "జల్ది నడువు బిడ్డా, అవి ఆకలి మీదున్నయి" అన్నాడు.

ఆ తర్వాత ఎవరేమనుకున్నా రోజూ వెళ్ళాం.

కోళ్ళకు రోగం రాకుండా కళ్ళలో చుక్కల మందు వెయ్యడానికి పశువుల ఆసుపత్రి నుంచి ఒకాయన వచ్చేవాడు. పోతనాళ దగ్గర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు మనిషి. నేను కోళ్ళను పట్టుకుంటే ఆయన చుక్కలు వేసేవాడు. "మెల్లగా పట్టుకోండి, దానికేం కాదు" అని నాతో అంటున్నాడో కోడితో అంటున్నాడో తెలిసేది కాదు. మందు అవసరం లేని రోజుల్లో కూడా రావడం మొదలుపెట్టాడు. మామ గమనించాడు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం గూడు ఊడుస్తుంటే అడిగాడు. "ఒక మాట అడుగుత. నచ్చకుంటె ఈడనే వదిలేద్దాం. ఆ పిలగాడు మంచోడు. నీ మనసుల ఏముంది?"

నాకు ఏడుపొచ్చింది. "మీ అబ్బాయిని..." అన్నాను.

"వాణ్ణి మర్చిపొమ్మని అంటనా బిడ్డా? నేను మర్చిపోతనా? నువ్వు నవ్వుతె వాడు బాధపడతడా?"

ఆ చుక్కల మందాయనతో నా పెళ్ళికి రిజిస్ట్రారు ఆఫీసులో మా అన్న పక్కన మామ కూడా సాక్షి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక ఆయన మామ కాళ్ళకు దండం పెట్టి, "మిమ్మల్ని మావయ్యగారూ అనొచ్చాండీ?" అని అడిగాడు.  "అను బిడ్డా, అను" అని మామ ఆయన భుజం పట్టుకున్నాడు.

ఆ తర్వాత రాయచూరులో మా ఇంటికి బస్సులో వచ్చేవాడు, డబ్బాలో ఊక పోసి మధ్యలో గుడ్లు పెట్టుకుని. నాకు కూతురు పుట్టిన మూడో నాటికే వచ్చి, దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, చిటికెన వేలు దాని గుప్పిట్లో పెట్టి కూర్చున్నాడు. దానికి ఆయనొక్కడే తాత. ఆయన ఏమవుతాడో ఇంకో రకంగా చెప్పాల్సిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు.

మామ పోయిన మూడో రోజు మల్లట్‌లో పరామర్శకు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. వాకిట్లో చాప మీద ఆడవాళ్ళం కూర్చున్నాం. పెద్దత్త నా పక్కనే, నా చెయ్యి పట్టుకుని ఉంది. ఇంతలో టర్కీ పుంజు పెరట్లోంచి వచ్చింది. రెక్కలు నేలకానించి, తోక విసనకర్రలా విప్పి, చాప అంచున విడిచిన చెప్పుల మధ్య మెల్లగా తిరగసాగింది. ఎవరూ దాన్ని అదిలించలేదు. మా వైపు వచ్చినప్పుడు పెద్దత్త కాళ్ళు ముడుచుకుని దానికి దారి ఇచ్చింది.